గోముఖ్ దారికి ఒక్క లెన్స్ చాలు: నికాన్ జెడ్ 24-120 ఎఫ్/4 ఎస్ రివ్యూ

దసరా సెలవులు దగ్గరపడేసరికి వైజాగ్‌లో కెమెరా పట్టేవాళ్ల మధ్య గంగోత్రి, దాని పైన భాగీరథి నది హిమానీనదం లోంచి బయటపడే గోముఖ్ మాటలు మొదలవుతాయి. వానలు తగ్గి హిమాలయాల్లో ఆకాశం తేటపడే రోజులవి. ఆ మాటల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "కొండలకి వెళ్తున్నాం కదా, వైడ్ లెన్స్ ఏది కొనాలి?" గంగోత్రి నేషనల్ పార్క్ వరకూ నా జవాబు ఇది. వైడ్ లెన్స్ ఇంట్లో పెట్టేసి నికాన్ జెడ్ 24-120 ఎంఎం ఎఫ్/4 ఎస్ ఒక్కటి తగిలించుకుని వెళ్లండి. నికాన్ జెడ్ మౌంట్ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) బాడీ చేతిలో ఉన్నవాళ్లకి ఆ లోయలో దీన్ని మించిన జూమ్ లేదు. లోపాలు ఉన్నాయి, అవీ చెబుతాను.

మన యారాడలో, భీమిలిలో 14, 16 ఎంఎం లెన్సులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఈ ఎంఎం అంకెనే ఫోకల్ లెంగ్త్ అంటారు, అది తగ్గేకొద్దీ చూపు వెడల్పవుతుంది, పెరిగేకొద్దీ దూరంది దగ్గరవుతుంది. కాళ్ల దగ్గరే రాయి ఉంటుంది, దాని మీంచి అల జారుతుంది, వెనక ఆకాశమంతా రంగు. దగ్గరున్నదాన్ని పెద్దది చేసి దూరాన ఉన్నదాన్ని చిన్నది చేయడం వైడ్ లెన్స్ గుణం కాబట్టి తీరంలో అది కలిసొస్తుంది. గంగోత్రి లోయలో అదే గుణం దెబ్బ తీస్తుంది. చూడాల్సినవన్నీ దూరంగా, ఎత్తులో ఉంటాయి. భాగీరథి-1 ఎత్తు 6,856 మీటర్లు, శివ్‌లింగ్ 6,543. కాళ్ల దగ్గర ఉండేది బూడిదరంగు రాళ్ల కుప్ప. 14 ఎంఎం పెడితే ఫ్రేమ్‌లో సగం పైన ఆ రాళ్లే, మిగతాది ఖాళీ ఆకాశం. అంతదూరం వెళ్లింది ఏ శిఖరం కోసమో అది మధ్యలో వేలెడంత మిగులుతుంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసుకుని "అక్కడ చూసినట్టు రాలేదు" అని బాధపడేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

ఏ ఫోకల్ లెంగ్త్ ఎక్కడ పనికొస్తుంది

గంగోత్రి ఊరు సుమారు 3,100 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి లోయ ఆగ్నేయం వైపు పైకి సాగుతుంది. 9 కిలోమీటర్ల దగ్గర చీర్‌బాసా, 14 దగ్గర భోజ్‌బాసా, 18 దగ్గర గోముఖ్. భాగీరథి శిఖరాలు మూడూ దారి పొడవునా ఎదురుగానే ఉంటాయి. భోజ్‌బాసా నుంచి వాటిని తీయడానికి 24 ఎంఎం పనికిరాదు. మూడూ ఫ్రేమ్ నిండా రావాలంటే 70 నుంచి 100 మధ్య పెట్టాలి. కాసేపు మబ్బు కమ్మి ఒక్క శిఖరం మాత్రమే బయటపడిందా, 120కి తిప్పాలి. 24-70 తీసుకెళ్లినవాళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. ఈ లెన్స్‌లో పనికొచ్చేది ఆ చివరి యాభై మిల్లీమీటర్లే.

తపోవన్‌లో సంగతి వేరు. గోముఖ్ దాటి పైకెక్కితే వచ్చే ఆ మైదానం దాదాపు 4,400 మీటర్ల పైన, శివ్‌లింగ్ పాదాల దగ్గర ఉంటుంది. కొండ అంత దగ్గరగా నిలబడినప్పుడు తల పైకెత్తి చూడాలి. అక్కడ కెమెరా నిలువుగా తిప్పి 35 దగ్గర పెడితే కింద గడ్డి, పారే నీటిపాయ, పైన శిఖరం అన్నీ ఇముడుతాయి. ఇంకా ముందుభాగం కావాలంటే 24. అంతకన్నా వైడ్ అవసరమయ్యే చోటు ఈ దారి మొత్తంలో దాదాపు లేదు. ఎక్కడైనా తగిలితే 50 ఎంఎంలో నిలువు ఫ్రేములు ఐదారు, ఒక్కోటీ పక్కదాంట్లో మూడోవంతు కలిసేలా తీసి పానోరమా కుట్టుకోండి. శిఖరం సైజు తగ్గకుండా వెడల్పు వస్తుంది, ఫైల్ కూడా పెద్ద ప్రింటుకి సరిపోతుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫ్రేమ్ ఒక్కో రంగులో వచ్చి కుట్టినచోట గీత కనబడుతుంది. 5,300 కెల్విన్ దగ్గర బిగించి, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టి తీయాలి.

తపోవన్‌కి గైడ్ లేకుండా వెళ్లకండి. రాళ్లు జారే నిట్టనిలువు చరియ అది, ఫొటో కోసం పెట్టుకునే పందెం కాదు. గోముఖ్ దగ్గర కూడా హిమానీనదం ముఖం కిందికి చేరకూడదు. ఐస్ పెళ్లలు చెప్పకుండా విరిగి పడతాయి. 120 ఎంఎం చేతిలో ఉండగా దగ్గరికి పోవాల్సిన పనే లేదు.

లెన్స్ ఎలా ఉంది

బరువు 630 గ్రాములు. 705 గ్రాముల జెడ్6-2 బాడీతో కలిపి 1,335 గ్రాములు. 14-30, 24-70 ఎఫ్/4 రెండూ మోస్తే లెన్సులే 985 గ్రాములవుతాయి, అప్పటికీ 70 దగ్గరే ఆగిపోతారు. ఫిల్టర్ సైజు 77 ఎంఎం, బజారులో సులువుగా దొరికే సైజు. జూమ్ చేస్తే గొట్టం ముందుకు సాగుతుంది. దాన్ని లాక్ చేసే స్విచ్ లేదు కాబట్టి నడిచేటప్పుడు 24 దగ్గరికి ముడిచి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

లెన్స్ మీద మనకి కావాల్సిన పని అప్పగించుకునే కంట్రోల్ రింగ్ ఉంటుంది, దాని గురించి ఒక హెచ్చరిక. దానికి ఎపర్చరో ఐఎస్‌ఓనో ఇచ్చి ఉంచితే గ్లౌజు వేసుకున్న చేతికి తెలియకుండానే తిరుగుతుంది. ఎఫ్/8లో ఉన్నాననుకుంటూ ఎఫ్/22లో తీస్తూ పోతారు. మెనూలోకి వెళ్లి దానికి ఏ పనీ లేకుండా చేసేయండి. పక్కనున్న ఎల్-ఎఫ్ఎన్ బటన్‌కి మాత్రం ఫోకస్ పాయింట్ జూమ్ చేసి చూసే పని ఇవ్వండి. ట్రైపాడ్ మీద మాన్యువల్‌గా ఫోకస్ చేసేటప్పుడు చాలా కలిసొస్తుంది.

షార్ప్‌నెస్ విషయంలో ఈ లెన్స్‌కి ఎస్ లైన్ (నికాన్ మేలురకం లెన్సుల వరస) పేరు తగినదే. ఫ్రేమ్ మధ్యలో ఎఫ్/4 నుంచే గట్టిగా ఉంటుంది. మూలలు ఎఫ్/8కి పూర్తిగా తేరుకుంటాయి. ఎఫ్/11 వరకూ ధైర్యంగా వాడొచ్చు. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వెలుగు చెదరడం) వల్ల అంతటా మెత్తబడుతుంది, 45 మెగాపిక్సెల్ బాడీల్లో అది ముందే కనిపిస్తుంది. 24 దగ్గర ఎఫ్/4లో మూలలు బాగానే నల్లబడతాయి. ఎఫ్/8కి ఆ నలుపు పోతుంది. డిస్టార్షన్‌ని (నిటారు గీతలు వంగడాన్ని) కెమెరా, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రెండూ తమంతట తాము సరిచేసుకుంటాయి.

ఫోకస్ ఎక్కడ పెట్టాలి అన్నది అందరూ తడబడే చోటు. 24 ఎంఎం, ఎఫ్/8కి పాత పట్టికల ప్రకారం హైపర్‌ఫోకల్ దూరం, అంటే ఎక్కడ ఫోకస్ పెడితే దూరాన ఉన్నవన్నీ కూడా స్పష్టంగా వస్తాయో ఆ దూరం, దాదాపు 2.4 మీటర్లు. ఆ లెక్క చిన్న ప్రింట్ల కాలంది. ఇప్పటి సెన్సర్లలో ఆ దూరానికి ఫోకస్ పెడితే శిఖరం మీది మంచు గీతలు కాస్త మెత్తగా వస్తాయి. దానికి రెట్టింపు, అంటే ఐదు మీటర్ల దగ్గర పెట్టండి. 70 దాటాక ఆ లెక్కలన్నీ మానేసి నేరుగా శిఖరం అంచు మీదే ఫోకస్ చేయండి. ముందున్న రాయి కూడా గీసినట్టు కావాలంటే రెండు ఫ్రేములు తీసి కలుపుకోవడమే. కెమెరా ఆపి మళ్లీ ఆన్ చేశాక మాన్యువల్ ఫోకస్ అక్కడే ఉందనుకోకండి, మరోసారి చూసుకోండి.

దగ్గరి వస్తువులు తీయడంలో ఇది ఆశ్చర్యపరుస్తుంది. 120 దగ్గర పెట్టి 35 సెంటీమీటర్ల దూరం నుంచి తీయొచ్చు, మాగ్నిఫికేషన్ 0.39. అంటే 9 సెంటీమీటర్ల వెడల్పున్న వస్తువు ఫ్రేమ్ నిండుతుంది. భోజ్‌బాసాకి ఆ పేరు తెచ్చిన భూర్జ చెట్ల బెరడు ఇందుకు సరైన వస్తువు. కాగితపు పొరలు అంచుల దగ్గర విడిపోయి, లోపలి పొర లేత గులాబీ రంగులో, మీద అడ్డంగా సన్నని ముదురు గీతలతో ఉంటుంది. మబ్బు పట్టిన వెలుగులో ఎఫ్/11, ట్రైపాడ్. కొండలు కనిపించని మధ్యాహ్నాలు ఈ పనికి వాడుకోండి. బెరడు మాత్రం చేత్తో లాగొద్దు, ఆ ఎత్తులో ఆ చెట్లు చాలా నెమ్మదిగా పెరుగుతాయి.

వెలుగు ఎప్పుడు ఎటు నుంచి

లోయ ఆగ్నేయం వైపు తిరిగి ఉంది కదా, పొద్దున నడక మొదలుపెట్టగానే సూర్యుడికి ఎదురు వెళ్తుంటారు. భాగీరథి శిఖరాలు వెనక వెలుగుతో నల్లటి ఆకారాలుగా కనబడతాయి, గాలిలోని ధూళి తెల్లగా మెరుస్తుంది. ఇక్కడ లెన్స్ కోటింగుల పనితనం తెలుస్తుంది. సూర్యుడు ఫ్రేమ్ అంచున ఉన్నా కాంట్రాస్ట్ పెద్దగా పడిపోదు. అయితే ముందు స్క్రూ చేసిన యూవీ ఫిల్టర్ తీసేయాలి. చవక ఫిల్టర్ ఒక్కటి చాలు, ఆ కోటింగుల ఫలితమంతా పోగొట్టి మధ్యలో పచ్చటి చుక్క పెట్టడానికి. అద్దం మీద వేలిముద్ర ఉన్నా అంతే. హుడ్ ఎప్పుడూ తగిలించే ఉంచండి, అయినా వెలుగు తగులుతుంటే అరచేయి అడ్డం పెట్టండి.

సూర్యుడు శిఖరం అంచున తొంగిచూసే క్షణంలో ఎఫ్/16 పెడితే తొమ్మిది బ్లేడ్ల వల్ల 18 కిరణాల నక్షత్రం వస్తుంది. బ్లేడ్లు గుండ్రటివి కాబట్టి కిరణాలు సూదిలా రావు. దానికోసమే కొనేవాళ్లకి ఈ లెన్స్ నచ్చదు.

భాగీరథి శిఖరాలకి అసలు వెలుగు సాయంత్రం. పడమటి సూర్యుడు వాటి ముఖం మీద పడతాడు. లోయ మొత్తం నీడలోకి వెళ్లిపోయాక కూడా శిఖరాలు పసుపు నుంచి నారింజకి, చివరికి గులాబీకి మారతాయి. అందుకే భోజ్‌బాసాలో ఒక రాత్రి ఉండేలా చూసుకోవాలి. పొద్దున బయల్దేరి గోముఖ్ చూసి సాయంత్రానికి గంగోత్రి దిగిపోయే ప్రోగ్రాం పెట్టుకుంటే 36 కిలోమీటర్ల నడక మిగులుతుంది, ఫొటో మిగలదు. శివ్‌లింగ్ సంగతి దీనికి తలకిందులు. తపోవన్ నుంచి చూస్తే తొలి ఎండ దాని తూర్పు ముఖం మీద పడుతుంది, కాబట్టి తెల్లవారకముందే ట్రైపాడ్ నిలబెట్టాలి.

పగలు పది దాటాక లోయలో కింది నుంచి పైకి గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి మబ్బులు చేరతాయి. గాలి ఉన్నప్పుడు ట్రైపాడ్ నడిమి కాలమ్ పైకి లేపకండి. కాళ్లలో సన్నటి చివరి సెక్షన్ కూడా ముడిచేసి, కెమెరా స్ట్రాప్ తీసేయండి. గాలికి ఊగే స్ట్రాప్ 120 దగ్గర ఫొటోని కదిలించేస్తుంది. బాడీలోని వైబ్రేషన్ రిడక్షన్ (వీఆర్, చేతి కుదుపుని తగ్గించే ఏర్పాటు) ట్రైపాడ్ మీద ఆపేసి, షట్టర్ కుదుపు తగ్గించే ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ షట్టర్ ఆన్ చేసి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి.

పోలరైజర్, గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్

77 ఎంఎం సన్నని ఫ్రేమ్ పోలరైజర్ (తళుకు తగ్గించి ఆకాశాన్ని ముదురు చేసే, తిప్పే ఫిల్టర్) తప్పక తీసుకెళ్లండి, కానీ ఎక్కడ తిప్పాలో కన్నా ఎక్కడ తీసేయాలో తెలుసుకోవడం ముఖ్యం. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశం మీద దాని ప్రభావం ఎక్కువ. నాలుగు వేల మీటర్ల దగ్గర ఆకాశం మామూలుగానే ముదురు నీలం. దాని మీద పోలరైజర్ పూర్తిగా తిప్పితే దాదాపు నలుపైపోతుంది, ఫొటో నకిలీలా కనబడుతుంది. 24 ఎంఎంలో అడ్డంగా 74 డిగ్రీల ఆకాశం పడుతుంది కాబట్టి ఒకవైపు నల్లగా, ఒకవైపు తెల్లగా పట్టీ పడుతుంది. దాన్ని ఎడిటింగ్‌లో సరిచేయడం నరకం. ఆకాశం ఉన్న ఫ్రేములో 50 ఎంఎం లోపు పోలరైజర్ వాడొద్దు, వాడినా సగమే తిప్పండి.

అది నిజంగా పనిచేసే చోటు నది ఒడ్డు. భాగీరథి నీళ్లు హిమానీనదం రాళ్లని రుద్ది చేసిన మెత్తటి పొడితో బూడిద తెలుపులో ఉంటాయి. తడిరాళ్ల మీది తళుకు పోలరైజర్‌తో తగ్గిస్తే రాళ్ల అసలు రంగులు బయటపడతాయి. ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుగు తగ్గుతుంది (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది), అదీ ఇక్కడ లాభమే. షట్టర్ స్పీడు పావు సెకను నుంచి అర సెకను మధ్య పెట్టండి, నీటి దారాలు దారాలుగానే కనబడతాయి. మన తీరంలో అలవాటైన 30 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇక్కడ పెడితే ఆ తెల్లనీళ్లు ఏ గీతా లేని ముద్దగా వస్తాయి. వెలుగుని బాగా తగ్గించే పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ మోయడం దండగ.

సాయంత్రం శిఖరానికి, నీడలోని లోయకి మధ్య ఐదారు స్టాపుల తేడా ఉంటుంది. పైన ముదురుగా, కింద తేటగా ఉండే మూడు స్టాపుల గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ ఉంటే మంచిది, అదీ ముదురు మెల్లగా తేలిపోయే సాఫ్ట్ రకం. ఒక్క గీత దగ్గర ఆగిపోయే హార్డ్ ఎడ్జ్ సముద్రానికే. కొండల గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి హార్డ్ ఫిల్టర్ పక్క కొండల తలల్ని నల్లగా కోసేస్తుంది. ఫిల్టర్ లేకపోతే రెండేసి స్టాపుల తేడాతో మూడు ఫ్రేములు తీసుకోండి.

ఎక్స్‌పోజర్‌లో అసలు నియమం ఒక్కటే: శిఖరం మీది మంచు కాలిపోకూడదు. ఫ్రేమ్ నిండా మంచు ఉంటే మాట్రిక్స్ మీటర్ (ఫ్రేమంతటి వెలుగు కొలిచేది) దాన్ని బూడిదరంగు చేస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 0.7 నుంచి 1.3 ఇవ్వాలి. లోయ ఎక్కువ, మంచు తక్కువ ఉన్న ఫ్రేమ్‌లో అదే ప్లస్ ఇస్తే శిఖరం తెల్లటి మచ్చ అవుతుంది. అక్కడ మైనస్ కావాలి. నికాన్‌లో బాగా వెలిగే భాగాల్ని కాపాడే హైలైట్-వెయిటెడ్ మీటరింగ్ ఈ రెండో సందర్భానికి చక్కగా సరిపోతుంది. ఏది వాడినా హిస్టోగ్రామ్ (వెలుగునీడల పంపకం చూపే గ్రాఫ్) కుడి గోడకి తగలకుండా చూసుకోండి. గులాబీ వెలుగులో ఎర్ర ఛానల్ ముందు కాలిపోతుంది, కాబట్టి మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరిచి చూడాలి. 14 బిట్ రా, బేస్ ఐఎస్‌ఓ (జెడ్5, జెడ్6-2లో 100, జెడ్7-2, జెడ్8లో 64) పెట్టుకుంటే నీడల్ని మూడు స్టాపులు లేపినా ఫైల్ తట్టుకుంటుంది.

ఇంకో మాట. గోముఖ్ దగ్గర తెల్లగా మెరిసే ఐస్ గోడ ఉంటుందనుకుని వెళ్లకండి. హిమానీనదం పైభాగమంతా రాళ్లు, మట్టి కప్పేసి ఉంటుంది. విరిగిన చోట మాత్రం లోపలి ఐస్ నీలిపచ్చగా, పొరలు పొరలుగా బయటపడుతుంది. దూరంగా నిలబడి 100-120లో ఆ పొరల్ని మాత్రమే, ఆకాశం లేకుండా తీస్తే ఈ లోయలో అన్నిటికన్నా కొత్తగా వచ్చే ఫొటో అదే. ఎండ తగలని వేళ తీయాలి, ఎండలో ఆ నీలం వెలిసిపోతుంది.

దుమ్ము, చలి, చెమ్మ

నది ఒడ్డున ఎండిన పొడి ముగ్గుపిండి కన్నా మెత్తన. గాలికి లేచి లెన్స్ సాగే గొట్టం మీద పేరుకుంటుంది. ఈ లెన్స్‌కి రబ్బరు సీలింగ్ ఉంది, కానీ గొట్టం మీద పొడి ఉండగా వెనక్కి ముడిస్తే ఆ సీలింగ్ మీదే అది రాసుకుంటుంది. 120కి పూర్తిగా చాపి, బ్లోయర్‌తో ఊది, మెత్తటి బ్రష్‌తో దులిపి, అప్పుడు ముడవండి. ముందు అద్దం మీద పడితే ముందు ఊదాలి, తుడవడం ఆఖరున. నేరుగా గుడ్డ పెట్టి రుద్దితే ఆ పొడి కోటింగ్‌ని గీరేస్తుంది. పోలరైజర్ రింగులోకి చేరితే తిరగడం గరగరమంటుంది, అప్పుడు బలవంతంగా తిప్పకుండా రింగు చుట్టూ ఊదండి.

చెమ్మ సంగతి వైజాగ్ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తీస్తే లెన్స్ మసకబారడం మనకి రోజూ కనిపించేదే. గంగోత్రిలో అది తలకిందులుగా జరుగుతుంది. బయట గడ్డకట్టే చలిలో తిరిగిన కెమెరాని పొయ్యి వెలిగే వంటగదిలోకో, పదిమంది పడుకున్న గదిలోకో తెస్తే లోపలి తడిగాలి చల్లటి అద్దం మీద నీరుగా మారుతుంది, అద్దాల మధ్య కూడా. లోపలికి అడుగుపెట్టక ముందే కెమెరాని జిప్‌లాక్ కవర్లో పెట్టి, గాలి పిండేసి మూసేయండి. లోపల గంటా గంటన్నర అలాగే వదిలేయండి. నీరు కవర్ బయటివైపు పడుతుంది. ఫొటోలు చూసుకోవాలన్న తొందరుంటే కార్డు బయటే తీసి జేబులో వేసుకోండి.

బ్యాటరీ విషయం. జెడ్5, జెడ్6-2లకి నికాన్ ఇచ్చిన కనిష్ఠ ఉష్ణోగ్రత 0 డిగ్రీలు. అక్టోబరులో భోజ్‌బాసా రాత్రులు అంతకన్నా కిందికి పోతాయి. కెమెరాలు సాధారణంగా పనిచేస్తూనే ఉంటాయి, బ్యాటరీ మాత్రం గబగబా పడిపోతుంది. కనీసం మూడు ఉంచుకుని, వాడనివి చొక్కా లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి. చలికి ఆగిపోయిన బ్యాటరీ ఒంటి వేడికి మళ్లీ కొంత కోలుకుంటుంది, పడేయకండి. అక్కడ ప్లగ్గు దొరుకుతుందని నమ్ముకోవద్దు. ఈ బాడీలు యూఎస్‌బీ-సీ మీద ఛార్జవుతాయి కాబట్టి 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు చాలు. అది సుమారు 74 వాట్ అవర్లు, విమానంలో 100 లోపు అనుమతే. చెకిన్ లగేజీలో వేయకుండా చేతి బ్యాగులో పెట్టుకోవాలి.

ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కడి నుంచి హరిద్వార్ లేదా డెహ్రాడూన్, ఆపైన ఉత్తరకాశీ మీదుగా గంగోత్రి. సముద్ర మట్టంలో ఉండే మనం వెళ్లిన మర్నాడే భోజ్‌బాసా ఎక్కకూడదు. ఉత్తరకాశీలోనో హర్సిల్‌లోనో ఒక రాత్రి, గంగోత్రిలో ఒక రాత్రి ఆగండి. గోముఖ్ దారికి అటవీశాఖ పర్మిట్ ఉండాలి, రోజుకి 150 మందినే పంపిస్తారు. కాబట్టి టికెట్ల కన్నా ముందు దాని పని చూసుకోండి. మే, జూన్‌లో వెళ్తే జనం ఎక్కువ, కింది అడవుల మంటల పొగ ఉంటే 120లో తీసిన ప్రతి ఫ్రేమూ పాలిపోయి వస్తుంది. జూలై, ఆగస్టుల్లో కొండచరియలు.

ఎక్కడ సరిపోదు

నక్షత్రాలకి ఇది తగిన లెన్స్ కాదు. 24 ఎంఎంలో నక్షత్రాలు సాగకుండా ఉండాలంటే 13 సెకన్లకి మించకూడదు, ఎఫ్/4లో ఆ కాస్త సమయానికి ఐఎస్‌ఓ 6,400 పైకి పోవాలి. పాలపుంత కోసమే వెళ్తుంటే 20 ఎంఎం ఎఫ్/1.8 ఎస్ అదనంగా పెట్టుకోండి, 505 గ్రాములు, రెండు స్టాపుల పైనే లాభం. పున్నమి దగ్గర్లో వెళ్తే మాత్రం ఎఫ్/4 చాలు. వెన్నెల్లో మంచు శిఖరం ఐఎస్‌ఓ 1,600, 10 సెకన్ల దగ్గర చక్కగా వస్తుంది. అక్కడి నుంచి హిస్టోగ్రామ్ చూసి సర్దుకోండి.

దారిలో భరల్ అనే అడవిగొర్రెలు కనబడతాయి, వాటికి 120 చాలదు. డీఎక్స్ క్రాప్ (సెన్సర్ మధ్యభాగం మాత్రమే వాడడం) పెడితే 180 ఎంఎం చూపు వస్తుంది, కానీ 24 మెగాపిక్సెల్ బాడీలో మిగిలేది 10 మెగాపిక్సెల్. జెడ్8, జెడ్7-2లో 19 దాకా మిగులుతుంది, అది వాడుకోదగినదే.

చిన్న సెన్సర్ ఉండే జెడ్50, జెడ్ఎఫ్‌సీ, జెడ్30 ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. లెన్స్‌లో వీఆర్ లేదు, ఆ బాడీల్లోనూ లేదు. పైగా 24 కాస్తా 36 అయిపోయి తపోవన్‌లో ఇరుకవుతుంది.

జెడ్5 లాంటి 24 మెగాపిక్సెల్ బాడీ ఉండి, ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లకి 24-200 ఎఫ్/4-6.3 వీఆర్ మంచి ప్రత్యామ్నాయం. 570 గ్రాములే, 200 వరకూ వెళ్తుంది, వీఆర్ ఉంది. మూలల్లో షార్ప్‌నెస్ మాత్రం దీనంత రాదు, ముఖ్యంగా 70 దాటాక. ల్యాండ్‌స్కేప్‌లో శిఖరాలు తరచూ ఫ్రేమ్ అంచుల దగ్గరే ఉంటాయి కాబట్టి నేను 24-120నే ఎంచుకుంటాను.

కొన్నాక కైలాసగిరి మీద పరీక్ష

బాడీతో కలిపి కిట్‌గా తీసుకుంటే విడిగా కొన్నదానికన్నా చవకగా పడుతుంది. జీఎస్‌టీ బిల్లు, ఇండియా వారంటీ కార్డు రెండూ అడిగి తీసుకోండి. జూమ్ లెన్సుల్లో అప్పుడప్పుడు లోపలి అద్దం ఒకటి కాస్త పక్కకి ఒరిగి వస్తుంది. దాంతో ఒక మూల మాత్రమే మెత్తగా ఉంటుంది. షాపులో గోడ ఫొటో తీస్తే ఇది తెలియదు. దానికి మనకి మంచి చోటు ఉంది. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో, ఎండ వెనక నుంచి పడేటప్పుడు, కైలాసగిరి మీద సముద్రం వైపు ట్రైపాడ్ నిలబెట్టండి. లంగరేసి ఉన్న ఓడ ఒకటి చూసుకుని, వీఆర్ ఆపి, ఎఫ్/4లో, ఓడని ఫ్రేమ్ మధ్యలో పెట్టి ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చండి. తర్వాత ట్రైపాడ్ తల తిప్పుతూ అదే ఓడ నాలుగు మూలల్లో పడేలా నాలుగు ఫ్రేములు తీయండి. 24, 50, 85, 120లలో ఇదే చేయండి, ఫోకస్ మాత్రం ప్రతి ఫోకల్ లెంగ్త్‌కీ కొత్తగా పెట్టుకోవాలి.

వంద శాతం పెద్దది చేసి ఓడ క్రేను కడ్డీలు పోల్చండి. నాలుగు మూలలూ మధ్యకన్నా కొంచెం మెత్తగా, ఒకే తీరుగా ఉంటే లెన్స్ బాగున్నట్టే. అన్నీ అలలు అలలుగా వణుకుతున్నట్టు ఉంటే అది సముద్రం మీది వేడిగాలి, మబ్బు పట్టిన రోజు మళ్లీ తీయండి. ఒక్క మూలే ప్రతిసారీ మసకగా వచ్చి, ఎఫ్/8కి కూడా తేరుకోకపోతే ఆ ఫైళ్లు, బిల్లు తీసుకుని వెంటనే షాపుకి వెళ్లి మార్చమనండి. ఇదంతా ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు అయిపోవాలి, మార్చిన లెన్స్‌ని కూడా ఇలాగే పరీక్షించాలి కాబట్టి.